వదిన ఇచ్చిన చేప ప్రొటీన్ పొట్లాలు మానాలా, కొనసాగించాలా?

పశ్చిమ గోదావరి జిల్లా నుంచి ఒక ఉపాధ్యాయిని నాలుగు పేజీల ఉత్తరం రాశారు. వయసు 46. జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో లెక్కలు చెబుతారు. ఆరేళ్లుగా షుగర్ ఉంది. గ్లిమెపిరైడ్, మెట్‌ఫార్మిన్ కలిసిన మాత్రను ఉదయం, రాత్రి తిండికి ముందు వేసుకుంటున్నారు. ఎత్తు 157 సెంటీమీటర్లు, బరువు 74 కిలోలు, నడుము చుట్టుకొలత 96 సెంటీమీటర్లు. ఆగస్టులో చేయించుకున్న రక్తపరీక్షలో హెచ్‌బీఏ1సీ, అంటే దాదాపు మూడు నెలల షుగర్ సగటు, 7.9; ట్రైగ్లిజరైడ్లు, అంటే రక్తంలో ఒక రకం కొవ్వు, 240 వచ్చాయి. ఆమెను అన్నిటికన్నా ఎక్కువ బాధపెట్టేది సాయంత్రపు ఆకలి. ఐదు గంటలకు బడి నుంచి వచ్చి చెప్పులు విడవకముందే జంతికల డబ్బా మూత తీస్తానని, భర్తకు టీ కలిపేలోపు అది సగమవుతుందని ఆమే రాసుకున్నారు.

ఆమె అన్నగారివి రొయ్యల చెరువులు. వరసగా రెండు పంటలు తెల్లమచ్చ తెగులుకు పోయి అప్పుల్లో పడ్డారు. ఇల్లు గడవడానికి వదినగారు ఇంటింటికీ తిరిగి సరుకు అమ్మే ఒక సంస్థలో చేరి, చేప ప్రొటీన్ పొట్లాలు అమ్మడం మొదలుపెట్టారు. ఆకలి తగ్గుతుంది, షుగర్ దిగుతుంది, కొవ్వు కరుగుతుంది అని చెప్పి ఆడపడుచుకూ ఇచ్చారు. 30 పొట్లాల డబ్బా 2,850 రూపాయలు. ఐదు వారాలుగా ఈమె ఉదయం 11 గంటలకు ఒకటి, సాయంత్రం 5 గంటలకు ఒకటి నీళ్లలో కలుపుకుని తాగుతున్నారు. నిజంగానే ఆకలి తగ్గింది. మధ్యాహ్నం క్యారేజీలో సగం మిగిలిపోతోంది, కొన్ని రోజులు మూత కూడా తీయడం లేదు. బరువు రెండున్నర కిలోలు తగ్గింది, పరగడుపు షుగర్ 162 నుంచి 131కి వచ్చింది.

అయితే గత వారం, క్యారేజీ తెరవని ఒక రోజున, మూడు గంటల వేళ నల్లబల్ల మీద త్రిభుజం గీస్తుండగా చెయ్యి వణికి గీత వంకరపోయింది. ఒళ్లంతా చెమటలు పట్టాయి. ముందు బెంచీ అమ్మాయి, మధ్యాహ్న భోజనంలో ఇచ్చిన పల్లీ చిక్కీని సంచిలోంచి తీసి ఇస్తే తిని కూర్చున్నారు. ఈ సంగతి చెబితే వదినగారు, “ఒంట్లో చెడు బయటికి పోతున్న గుర్తు అది, ఇంకో నెల వాడితే మాత్రలే మానేయొచ్చు” అన్నారట. పొట్లాలు కొనసాగించాలా, మాత్రలు మానవచ్చా, చేపదే కాబట్టి ట్రైగ్లిజరైడ్లు కూడా తగ్గుతాయా అని ఆమె ప్రశ్నలు. పొట్లాల సంగతి భర్తకు చెప్పలేదు. నియమంగా కార్తీకం పాటించే అత్తగారి కంట పడకుండా పుస్తకాల బీరువాలో నోట్సుల వెనక దాచుకుంటున్నారు. వచ్చే నెల నుంచి తోటి టీచర్లకు కూడా అమ్మిపెట్టమని వదినగారు అడుగుతున్నారు.

అమ్మా, మీ ప్రశ్నల వరస మార్చి, మీరు చివరి పేజీలో నాలుగు పంక్తుల్లో రాసి వదిలేసిన ఆ చెమటల సంగతి ముందు మాట్లాడతాను. ఆ సమయంలో గ్లూకోమీటరుతో చూడలేదు కనుక నూటికి నూరుపాళ్లూ అదేనని అనలేను గానీ, మీరు వర్ణించిన తీరు రక్తంలో చక్కెర పడిపోయినప్పటి తీరే. 70 మిల్లీగ్రాముల కన్నా కిందికి దిగితే చెయ్యి వణకడం, చల్లని చెమట, గుండె దడ, చూపు చెదరడం కనిపిస్తాయి. మీ మాత్రలో ఉన్న రెండు మందుల్లో మెట్‌ఫార్మిన్ ఒక్కటే అయితే ఇలా జరగడం అరుదు. గ్లిమెపిరైడ్ పని వేరు. అది మీ క్లోమం చేత ఇన్సులిన్ విడుదల చేయిస్తుంది, మీరు అన్నం తిన్నారా లేదా అని చూసుకుని ఆగదు. ఉదయం మాత్ర పడింది, రెండు ఇడ్లీలు ఎప్పుడో అరిగిపోయాయి, మధ్యాహ్నం భోజనం లోపలికి వెళ్లలేదు. ఇన్సులిన్ మాత్రం తన పని తాను చేసుకుపోయింది. కాబట్టి ఆ రోజు బయటికి పోయింది చెడు కాదు, మీ మెదడుకు అందవలసిన చక్కెర.

ఈ వారంలోనే మీ డాక్టరు గారికి ఫోన్ చేసి, “ఆకలి తగ్గి సగం తింటున్నాను, ఒకసారి చెమటలు పట్టాయి” అని రెండే ముక్కలు చెప్పండి. గ్లిమెపిరైడ్ మోతాదు తగ్గించాలా, మరో మందుకు మార్చాలా అన్నది ఆయన నిర్ణయం. ఉత్తరం చదివి నేను చేయవలసిన పని కాదు. అప్పటిదాకా మధ్యాహ్నం ఆకలి ఉన్నా లేకపోయినా క్యారేజీ తెరవండి. మీ బల్ల సొరుగులో గ్లూకోజు పొడి పొట్లం ఒకటి ఉంచుకోండి. ఆ పాప ఇచ్చిన చిక్కీ ఆ పూట మిమ్మల్ని ఆదుకున్న మాట నిజమే, కానీ పల్లీల్లో ఉన్న నూనె వల్ల చిక్కీలోని బెల్లం రక్తంలోకి చేరడం ఆలస్యమవుతుంది. మూడు చెంచాల చక్కెరో గ్లూకోజో నీళ్లలో కలుపుకుని తాగి, పదిహేను నిమిషాలు ఆగి మళ్లీ చూసుకోవాలి; తగ్గకపోతే ఇంకోసారి తాగాలి, తగ్గాక ఏదైనా తినాలి. మీవారికి పొట్లాల ఖరీదు సంగతి ఎప్పుడు చెబుతారో మీ ఇష్టం, కానీ ఈ చెమటల సంగతి ఈ రాత్రే చెప్పండి. రాత్రి మాత్ర వేసుకుని తక్కువ తిని పడుకున్న రోజున నిద్రలో షుగర్ పడిపోతే గమనించగలిగేది పక్కనున్న మనిషే.

ఇక పొట్లం దగ్గరికి వద్దాం. మీరు డబ్బా మీది వివరాలను అక్షరం పొల్లుపోకుండా ఎక్కించి పంపడం చాలా మంచి పని అయింది. ఒక్కో పొట్లం బరువు 6 గ్రాములు, అందులో చేప ప్రొటీన్ హైడ్రోలైజేట్ గ్రామున్నర, మిగిలినది మాల్టోడెక్స్‌ట్రిన్ అనే పిండిపదార్థం, నిమ్మ రుచి, తీపి కోసం మరొకటి. హైడ్రోలైజేట్ అన్న పేరు చూసి కంగారు పడనక్కరలేదు. చేప మాంసాన్ని, లేదా ముక్కలు కోయగా మిగిలిన భాగాలను, ఎంజైములతో ముందే సగం అరిగించి, పెద్ద ప్రొటీన్‌ను పెప్టైడ్లు అనే చిన్న తునకలుగా చేసి ఎండబెట్టిన పొడి అది. మన పొట్టలో జరిగే పనిలో కొంత ఫ్యాక్టరీలో జరిగిందన్నమాట. ఆ తునకల్లో కొన్ని చేదుగా ఉంటాయి, అందుకే అంత ఘాటైన నిమ్మ రుచి. తయారీలో ఆమ్లమూ క్షారమూ సరిచేసేటప్పుడు ఉప్పు కూడా చేరుతుంది కనుక, బీపీ ఉన్నవారు డబ్బా మీద సోడియం ఎంతో చూసుకోవాలి.

అది ఆకలిని తగ్గిస్తుందన్న మాట పూర్తిగా కల్పితమేమీ కాదు. ప్రొటీన్ పేగులోకి దిగినప్పుడు పైభాగంలో కోలిసిస్టోకైనిన్, కింది భాగంలో జీఎల్‌పీ-1 అనే హార్మోన్లు విడుదలవుతాయి. ఇవి పొట్ట ఖాళీ అయ్యే వేగాన్ని తగ్గించి, ఇక చాలన్న కబురును మెదడుకు చేరవేస్తాయి. చేప పెప్టైడ్లు ఈ హార్మోన్లను కదిలిస్తాయా అని కొన్ని దేశాల్లో మనుషుల మీద పరీక్షించారు. బ్లూ వైటింగ్ అనే సముద్రపు చేప నుంచి తీసిన పొడిని బరువు ఎక్కువున్న 120 మందిలో 90 రోజుల పాటు చూసిన పరిశోధన 2016లో వచ్చింది. రోజుకు 1.4 గ్రాములు తీసుకున్నవారిలోనూ 2.8 గ్రాములు తీసుకున్నవారిలోనూ బరువు, నడుము కొలత తగ్గాయి, ఆ రెండు హార్మోన్లూ పెరిగాయి. అయితే వాళ్లందరి చేతా రోజుకు 300 కిలోకేలరీలు తక్కువ తినిపించారు. ఈ ముక్క అమ్మేవాళ్ల కాగితాల్లో కనిపించదు. నార్వేలో బరువు ఎక్కువున్న 34 మందికి చేప ప్రొటీన్ మాత్రలు రోజుకు 3 గ్రాములు, తరువాత 6 గ్రాముల చొప్పున ఎనిమిది వారాలు ఇస్తే పరగడుపు షుగర్ కొంత తగ్గిందని 2013లో ప్రకటించారు. అదే నార్వేలో మెటబాలిక్ సిండ్రోమ్ ఉన్నవారికి, అంటే దాదాపు మీలాగే నడుము, షుగర్, ట్రైగ్లిజరైడ్లు అన్నీ హద్దు దాటినవారికి, రోజుకు 4 గ్రాముల కాడ్ చేప హైడ్రోలైజేట్ ఎనిమిది వారాలు ఇచ్చి చూస్తే, ఉత్తుత్తి పొడి తాగినవారికీ వీరికీ షుగర్‌లో గాని కొవ్వుల్లో గాని తేడా కనిపించలేదని 2020లో తేల్చారు. ఒకటి అవునంటుంది, ఒకటి కాదంటుంది. పైగా అన్నీ చిన్నవి, కొద్ది వారాలవి. వీటిని చూపించి షుగర్ మాత్ర మానేయవచ్చని చెప్పే ధైర్యం ఆ పరిశోధన చేసినవాళ్లకే లేదు.

“ఇది సహజమైన జీఎల్‌పీ-1” అని మీకు వాట్సాప్‌లో వచ్చిన వాక్యం గురించి కూడా ఒక మాట. మన పేగు విడుదల చేసే జీఎల్‌పీ-1 రక్తంలో రెండు నిమిషాలకే సగం విరిగిపోతుంది. దానిలాగే పనిచేసే సెమాగ్లూటైడ్ వంటి ఇంజెక్షన్ మందు అలా విరగకుండా దాదాపు వారం రోజులు నిలిచేలా తయారైనది. ఆ రెండింటికీ పోలిక పెట్టడం అగ్గిపుల్లకీ కట్టెల పొయ్యికీ పోలిక పెట్టడమే.

మరి మీ ఆకలి తగ్గడం, బరువు తగ్గడం అబద్ధమా అంటే, కాదు. వాటికి కారణం ఏమిటన్నదే ప్రశ్న. మీరు లెక్కల టీచరు కనుక ఒక సమీకరణంలో ఒకేసారి ఐదు చలరాశులు మారితే ఫలితం దేనివల్ల వచ్చిందో చెప్పలేమని మీకు వేరే చెప్పాలా? ఈ ఐదు వారాల్లో పొట్లం ఒక్కటే కాదు కొత్తగా వచ్చింది. మధ్యాహ్నం అన్నం సగమైంది. సాయంత్రం జంతికలు పోయాయి. పదకొండుకూ ఐదుకూ నిండుగా గ్లాసెడు నీళ్లు తాగడం మొదలైంది. నెలకు 5,700 రూపాయలు పోస్తున్నామన్న జాగ్రత్త వచ్చింది. ఆ చివరిదాన్ని తేలిగ్గా తీసుకోకండి, డబ్బు పోసి కొన్న నియమాన్ని మనిషి మామూలు నియమం కన్నా గట్టిగా పాటిస్తాడు. జంతికలు, సగం అన్నం కలిపి రోజుకు నాలుగైదు వందల కేలరీలు తగ్గితే ఐదు వారాల్లో రెండు కిలోలకు పైగా తగ్గడంలో వింతేమీ లేదు. దానికి చేప పెప్టైడ్ కొంత సాయపడిందేమో, పడి ఉండవచ్చు. అంతా అదే చేసిందనుకోవడానికి మాత్రం మీ ఉత్తరంలో ఆధారం లేదు.

నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది వేరే లెక్క. మీరు రాసిన తిండిని, ఇడ్లీ, సగం క్యారేజీ అన్నం, పప్పుచారు, పెరుగు, రాత్రి రెండు చపాతీలు, మొత్తం వేసి చూస్తే రోజుకు ప్రొటీన్ 40 గ్రాములు దాటడం కష్టం. పెద్దవారికి కిలో బరువుకు 0.83 గ్రాములు కావాలని మన హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన సిఫారసు. బరువు ఎక్కువున్నవారికి ఎత్తుకు తగిన బరువు మీద లెక్క వేసినా మీకు 50 గ్రాములకు దగ్గరగా, తగ్గే ప్రయత్నంలో ఉన్నప్పుడు మూత్రపిండాలు బాగుంటే 60 దాకా కావాలి. పొట్లాల పేరు ప్రొటీన్, కానీ రెండూ కలిపి మీకిచ్చేది 3 గ్రాములు. ఆ 3 గ్రాములు ఆకలిని చంపితే, ఆ చచ్చిన ఆకలి వల్ల మీరు మానేసిన పప్పులో, పెరుగులో అంతకు మూడు రెట్లు పోయింది. ఇలా తగ్గే బరువులో కొవ్వుతో పాటు కండ కూడా కరుగుతుంది, కండ తగ్గిన ఒంట్లో షుగర్ అదుపు ఇంకా కష్టమవుతుంది. బరువు కాటా ఈ తేడా చెప్పదు.

ఇక్కడ చిన్న పక్కదారి. 1960లలో చేపను ఎండబెట్టి, కొవ్వు తీసి, వాసన లేని పిండిగా చేసి ఆకలితో ఉన్న ప్రపంచానికి పెట్టాలని పెద్ద ప్రయత్నం జరిగింది. 1967లో అమెరికా ప్రభుత్వం దానికి అనుమతి కూడా ఇచ్చింది. తిండి చాలని వాళ్లకు బలం చేకూర్చడానికి పుట్టిన ఆలోచన అది. ఇప్పుడు దాని తమ్ముడి వరసైన పొడిని ఆకలి చంపుతుందని చెప్పి అమ్ముతున్నారు.

ట్రైగ్లిజరైడ్ల గురించి అడిగారు. చేపలో ట్రైగ్లిజరైడ్లను తగ్గించే ఒమేగా-3 ఉండేది నూనెలో. ఈ పొడి తయారీలో ఆ నూనెను తీసేస్తారు. కాబట్టి చేప నూనెకు ఉన్న పేరు చేప ప్రొటీన్‌కు రాదు. మీ 240 తగ్గాలంటే జంతికలు తిరిగి రాకపోవడం, అన్నం కొలత, రోజూ అరగంట నడక ముందు పని చేస్తాయి.

ఇప్పుడు మీ ముందున్న దారులు చెబుతాను. మొదటిది, పొట్లాలు కొనసాగించడం. ఇది ప్రమాదకరమైన విషమేమీ కాదు, చేప పడనివారికి తప్ప. మీరు శీలావతి, బొచ్చె చిన్నప్పటి నుంచి తింటున్నవారే కనుక ఆ భయం తక్కువే. కొనసాగించదలిస్తే డాక్టరు గారికి డబ్బా చూపించండి, మూత్రపిండాల పనితీరు తెలియడానికి మూత్రంలో ఆల్బుమిన్, రక్తంలో క్రియాటినిన్ ఒకసారి చూసుకోండి, మధ్యాహ్న భోజనం మానకండి, ముగింపు తేదీ ఒకటి పెట్టుకోండి. ఆ తేదీ నవంబరు చివర అయితే మేలు, ఎందుకంటే హెచ్‌బీఏ1సీ దాదాపు మూడు నెలల సగటు చెబుతుంది కాబట్టి ఐదు వారాల మీద చేయిస్తే సగం పాత లెక్కే వస్తుంది. డబ్బా మీద ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఇచ్చే 14 అంకెల లైసెన్సు సంఖ్య, ఇది మందుగా వాడటానికి కాదన్న వాక్యం ఉండాలి. ఆ వాక్యం మీ డబ్బా మీద ఉందని మీరే రాశారు; షుగర్ తగ్గిస్తుందని నోటితో చెప్పి, డబ్బా మీద మందు కాదని అచ్చు వేసే సరుకును ఏ మాత్రం నమ్మాలో మీరే తూచుకోండి. ఈ దారిలో లాభం, ఇప్పుడున్న క్రమం చెడకపోవడం. నష్టం, రోజుకు 190 రూపాయలు, పైగా తగ్గింది దేనివల్లో ఎప్పటికీ తేలకపోవడం.

రెండోది, నాలుగు వారాలు పొట్లం మాత్రమే ఆపి, మిగతావన్నీ ఉన్నవి ఉన్నట్టు ఉంచడం. పదకొండుకూ ఐదుకూ అదే గ్లాసు, అవే నీళ్లు, కావాలంటే నిమ్మరసం, కాస్త ఉప్పు. రోజూ ఆ రెండు వేళలా ఆకలికి సున్నా నుంచి పది దాకా ఒక అంకె వేసి హాజరు పట్టీ వెనక రాసుకోండి. అంకెలు పెరగకపోతే పొట్లం పని ఏమిటో మీకు తెలిసిపోతుంది. పెరిగితే, ఈ పొడి మీ ఒంటికి కొంత పనిచేస్తోందని నేనే ఒప్పుకుంటాను, అప్పుడు మొదటి దారికి తిరిగి వెళ్లినా తప్పులేదు. ఈ దారిలో ఇబ్బంది ఏమిటంటే మొదటి వారం ఆకలి కాస్త గోల చేయవచ్చు, కిలో బరువు వెనక్కి రావచ్చు. చేతిలో జంతికల డబ్బా లేకుండా చూసుకోవడం ఒక్కటే దానికి మందు.

మూడోది నా మనసుకు దగ్గరిది, కనుక కొంచెం ఎక్కువ చెబుతాను. జపాన్‌లో 2016లో ప్రచురించిన ఒక చిన్న పరిశోధనలో 12 మంది షుగర్ రోగులకు, షుగర్ లేని 10 మందికి భోజనం వరస మార్చి పెట్టారు. ఒక రోజు ముందు అన్నం, తరువాత ఉడికించిన కానాగంత చేప. మరో రోజు ముందు చేప, పదిహేను నిమిషాల తరువాత అన్నం. చేప ముందు తిన్న రోజున పొట్ట నెమ్మదిగా ఖాళీ అయింది, జీఎల్‌పీ-1 ఎక్కువ విడుదలైంది, భోజనం తరువాత షుగర్ తక్కువ ఎగసింది. పొట్లం మీద ఏ హార్మోను పేరు చెప్పి 2,850 రూపాయలు తీసుకుంటున్నారో, ఆ హార్మోనే కంచంలో ముక్క ముందు తినడం వల్ల కదిలింది. మీ ఊళ్లో చేపకు కొదవ లేదు. 80 గ్రాముల శీలావతి ముక్కలో దాదాపు 13 నుంచి 15 గ్రాముల ప్రొటీన్ ఉంటుంది, అంటే మీ పొట్లాలు ఐదు రోజుల్లో ఇచ్చేంత. రోజుకు 190 రూపాయలకు మీ సంతలో ఎంత చేప తూగుతుందో నాకన్నా మీకే బాగా తెలుసు. కవళ్లు, కానాగంతలు దొరికిన రోజున అవి తెచ్చుకుంటే ప్రొటీన్‌తో పాటు, మీరు అడిగిన ఆ ఒమేగా-3 కూడా వస్తుంది. వేపుడు కాదు, పులుసు. ముక్కలు ముందు తినేసి, పులుసు అన్నంలో కలుపుకోండి. మన ఇళ్లలో రెండు కంచాల అన్నానికి ఒక ముక్క నంజుకోవడం అలవాటు, దాన్ని తిరగేయమంటున్నానంతే.

చేప లేని రోజున ఉడికించిన గుడ్డు, గుప్పెడు ఉడకబెట్టిన శనగలు, మొలకెత్తిన పెసలు, గట్టి పెరుగు ఆ పని చేస్తాయి. సాయంత్రం ఐదుకు ఇంటికి వచ్చాక కాదు, నాలుగున్నరకు బడిలోనే శనగల డబ్బా తెరవండి. చెప్పులు విడిచేలోపు చేయి జంతికల మీదికి పోవడానికి కారణం రుచి కన్నా ఎక్కువగా మధ్యాహ్నం నుంచి ప్రొటీన్ లేని పొట్ట. ఈ దారిలో శ్రమ ఉంది. ముందు రోజు రాత్రి శనగలు నానబెట్టుకోవాలి, వారానికి రెండు మూడుసార్లు చేప బాగుచేయించుకోవాలి, ఫలితం పొట్లమంత చప్పున కనిపించదు. అయినా జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార మార్గదర్శకాలు కూడా ప్రొటీన్ పొడుల జోలికి పోవద్దని, తిండిలోంచే తీసుకోమని చెబుతున్నాయి.

నాలుగోది, ఈ మూడింటితో అదుపు రాకపోతే ఆకలినీ షుగర్‌నీ కలిపి తగ్గించే అసలైన మందుల గురించి డాక్టరుతో మాట్లాడటం. వాటితో వికారం వంటి ఇబ్బందులు ఉంటాయి, అవి అందరికీ సరిపడవు. కానీ వాటి లెక్కలు పెద్ద పరిశోధనల్లో తేలినవి.

ఏ దారి పట్టినా మాత్రలు మీ అంతట మీరు మానకండి. పరగడుపు 131కి వచ్చింది మాత్రలు నడుస్తుండగా. తీసేస్తే చప్పుడు చేయకుండా మళ్లీ పైకి వెళుతుంది, చెమటల్లా హెచ్చరించదు. తగ్గించే రోజు రావచ్చు, వస్తే సంతోషమే, ఆ మాట రిపోర్టు చూసి డాక్టరు చెప్పాలి.

కార్తీకం సంగతి రాశారు. “మందు కదా, దోషం లేదు” అని వదినగారు అన్నారు, డబ్బా మీదేమో మందు కాదని రాసి ఉంది. ఆ డబ్బా మీద గోధుమరంగు మాంసాహార గుర్తు ఉంటుంది, అది చేపే. ఆ నెల పాటించాలా వద్దా అన్నది మీ నమ్మకం, అందులో నేను తల దూర్చను. ఒకవేళ పాటించే ఉద్దేశమే ఉంటే, రెండో దారిలో చెప్పిన నాలుగు వారాల పరీక్షకు కార్తీకం కన్నా అనువైన నెల దొరకదు, అత్తగారి దగ్గర దాచవలసిన పనీ ఉండదు. ఉపవాసం ఉండే సోమవారాల సంగతి మాత్రం ముందే డాక్టరు గారికి చెప్పండి, గ్లిమెపిరైడ్ వేసుకుని రోజంతా ఉపవాసం ఉండటం తగదు.

చివరిగా వదినగారు. మీ ఉత్తరం రెండుసార్లు చదివాక నాకు అర్థమైనది, మీరు పొట్లాలు కొంటున్నది సగం మీ ఆకలి కోసం, సగం అన్నగారి ఇంట్లో పొయ్యి వెలగడం కోసం. అది మంచి మనసే, కానీ రెండూ ఒకే గ్లాసులో కలిసిపోయాయి. ఆ 5,700లో ఆమెకు మిగిలేది కొంతే. అన్నగారి పిల్లల ఫీజుకు నెలకు మూడు వేలు నేరుగా ఇస్తే మీకు తక్కువ ఖర్చు, వాళ్లకు ఎక్కువ సాయం అవుతుంది. అయితే చేయి చాచి తీసుకోవడం ఆమెకు చిన్నతనంగా అనిపించవచ్చు, సరుకు అమ్మి సంపాదించుకోవడంలో ఆమెకు ఒక మర్యాద ఉంది. కాబట్టి ఒకేసారి తెంచేయకుండా, “వదినా, నాకు షుగర్ పడిపోయింది, కొన్నాళ్లు ఆపి చూస్తాను, ఈ నెల వద్దు” అని చెప్పవచ్చు. అబద్ధం ఆడినట్టూ కాదు, ఆమె సరుకును తిట్టినట్టూ కాదు. కొంత కినుక వహించినా పండక్కి వచ్చేసరికి తగ్గుతుంది. మీరు ఏమీ చెప్పకుండా డబ్బాలు కొని బీరువాలో పేర్చుకోవడం కూడా ఒక దారే, చాలామంది ఆడపడుచులు అదే చేస్తారు. దాని వల్ల వచ్చే చిక్కు, మీరు వాడుతున్నారనీ మీకు తగ్గిందనీ ఆమె మిమ్మల్ని సాక్ష్యంగా చూపిస్తూనే ఉంటారు.

టీచర్లకు అమ్మిపెట్టమన్న మాట దగ్గర మాత్రం నేను దారులు చూపించలేను. మీ స్టాఫ్ రూములో ఇద్దరు ఇన్సులిన్ తీసుకుంటున్నారని మీరే రాశారు. మీకు ఆ మధ్యాహ్నం మూడు గంటలకు పట్టిన చెమటలు, ఇన్సులిన్ వేసుకుని పొట్లం తాగి క్యారేజీ మూత తీయని మనిషికి బండి నడుపుతుండగా పట్టవచ్చు. వదినగారితో ఈ ఒక్క సంగతి కూర్చోబెట్టి చెప్పండి: షుగర్ మాత్రలు, ఇన్సులిన్ వాడేవాళ్లకు డాక్టరును అడగకుండా ఇవ్వవద్దనీ, చెమటలు పడితే చెడు పోతోందని చెప్పవద్దనీ. ఆమె కోపగించినా ఈ మాట అనవలసిందే. డాక్టరు గారు ఏం మార్చారో, నవంబరు రిపోర్టులో ఎంత వచ్చిందో, హాజరు పట్టీ వెనక వేసుకున్న అంకెలతో సహా నాకు రాయండి.